మేస్త్రీ పాట కోసం మొఘల్‌పురా దాకా

హైదరాబాదు వెళ్ళొచ్చానంటే మా స్టాఫ్‌రూములో అందరూ అడిగేది ఒకటే: చార్మినార్ ఎక్కావా అని. ఎక్కలేదు. మ్యూజియంలో గంటలు కొట్టే గడియారం చూశావా? చూడలేదు. మరి రెండు రోజులు సెలవు పెట్టి, పిల్లల కాంపోజిషన్ పుస్తకాలు దిద్దకుండా వదిలేసి, ఎందుకు వెళ్ళినట్టు? పాట వినడానికి అంటే లెక్కల మాష్టారు నా నుదుటి మీద చెయ్యి వేసి చూశాడు. అలాంటి వాళ్ళ కోసం కాదు ఇది. ఒక పాట కోసం రైలెక్కాలని ఎప్పుడైనా అనుకుని, సిగ్గుపడి మానేసిన వాళ్ళెవరైనా ఉంటే వాళ్ళ కోసం.

నేను రేపల్లెలో తెలుగు మాష్టారిని. గురువారం సాయంత్రం రేడియోలో జానపద గీతాలు వస్తాయి. నెలకోసారి అందులో ఎస్తేరమ్మ బృందం పాడుతుంది. ఆరేళ్ళుగా ఒక్క నెల తప్పకుండా విన్నాను. డోలక్ ఒకటి, వంత పాడే ఆడగొంతు ఒకటి, వాటి మధ్య ఎస్తేరమ్మ గొంతు. వాళ్ళ పాటల్లో నాకు ప్రాణం మేస్త్రీ పాట. రోడ్డు పనిలో కంకర మోసే ఆడవాళ్ళు పాడుకునేది.

రాయి మీద రాయి పెడితి మేస్త్రీ
రాని నవ్వు తెచ్చుకుంటి మేస్త్రీ
పొద్దు గూకెదాక మోస్తి మేస్త్రీ...

మొదట్లో దాని ఆఖరి చరణం 'నీ నోట్ల మన్నుబడ మేస్త్రీ' అని ఉండేది. నాకది కంపరంగా తోచింది. అంత చక్కటి పాట చివర ఆ తిట్టేమిటి? పిల్లలు వింటారే! రేడియో వాళ్ళకు ఎర్రసిరాతో కార్డు రాశాను. ఆ మాట సభ్యంగా లేదనీ, దాని బదులు 'నీ మేలు మరువలేము మేస్త్రీ' అంటే తాళం తప్పదనీ, భావం ఉన్నతంగా ఉంటుందనీ. రెండు నెలలు తిరక్కుండా పాట నా చరణంతో వచ్చింది! నా పేరు చెప్పలేదనుకోండి. అయినా మూడు రోజులు కాళ్ళు నేల మీద ఆనలేదు. ఆ పాటను పదో తరగతికి పాఠంలా చెప్పాను. "చూశారా, కష్టజీవి ఎంత సహనశీలో!" అన్నాను. ఎవరి సహనమో, ఎవరు రాసిందో మాత్రం చెప్పలేదు.

హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న నా పాత శిష్యుడొకడు ఉత్తరం రాశాడు, ఆదివారం పొద్దున మొఘల్‌పురాలో ఒక వ్యాపారి మేడ మీద మీ రేడియో వాళ్ళు పాడుతున్నారని. పాట వినాలి. విన్నాక ఆ తల్లికి నమస్కారం పెట్టి, "ఆ చివరి చరణం నాదేనమ్మా" అనాలి. ఇంతకంటే పెద్ద ఆశ నా జీవితంలో లేదని కాదు గానీ, ఆ వారం మటుకు లేదు.

రిక్షాలో నా హిందీ

నేను హిందీ పరీక్షలు రెండు పాసయ్యాను. ఆ ధైర్యంతో నాంపల్లి స్టేషను బయట రిక్షా అతనికి మొఘల్‌పురా దారి గురించి సంధులూ సమాసాలూ తప్పకుండా ఒక వాక్యం చెప్పాను. అతను పూర్తిగా, మర్యాదగా విన్నాడు.

"సార్, తెలుగుల చెప్పుండ్రి. సమజైతది," అన్నాడు.

దారి పొడుగునా నేను మళ్ళీ నోరు విప్పలేదు. నగరం మాత్రం విప్పింది. హారన్లు, బెల్లులు, అరుపులు, బళ్ళ మీద గాజుల గలగల. మా ఊళ్ళో ఒక పెళ్ళికి అయ్యే చప్పుడు ఇక్కడ ఒక సందుకు ఊరికే అవుతుంది.

మొఘల్‌పురాలో నా లాడ్జి గదికి కిటికీ ఉంది. తీస్తే ఎదురుగా గోడ. "గాలి మస్తు వస్తది సార్," అన్నాడు మేనేజరు. గోడలోంచి వస్తుందేమో మరి. మధ్యాహ్నం కింద హోటల్లో అన్నం, ఖట్టి దాల్ అనే పుల్లటి పప్పు పెట్టారు. రెండు రూపాయలు. పప్పును పప్పుగా ఉంచక, పులుసును పులుసుగా ఉంచక, రెంటినీ కలిపి పాడుచేశారని తిట్టుకుంటూనే మూడుసార్లు వేయించుకున్నాను. టీ ముప్పై పైసలు. మా ఊళ్ళో ఆ డబ్బుకు కాఫీ ఇచ్చి, పేపరు కూడా చదవనిస్తారు.

నా బల్ల దగ్గరికి ఎవరో పెద్దమనిషి, ముక్కూ మొహం తెలియనివాడు, వచ్చి కూర్చుని తన టీ సగం సాసరులో వంపి నా వైపు తోశాడు. మా వైపు ఎవరైనా అలా చేస్తే ఏం ఆశించి చేస్తున్నాడోనని ఆలోచిస్తాం. నేనూ ఆలోచించాను. ఆయన మాత్రం తన సగం తాగేసి, "ఖుదా హాఫిజ్" అని వెళ్ళిపోయాడు. ఏమీ అడగలేదు. అనుమానపడ్డ నాకు ఆ టీ చల్లారిపోయింది.

ధూల్‌పేట్‌లో కిషన్

లాడ్జి మేనేజరుకు ఎస్తేరమ్మ తెలియదు గానీ, ఆమెకు డోలక్ వాయించే కిషన్ తెలుసు. "ధూల్‌పేట్ కిషన్ భాయ్. గణపతులు చేస్తడు," అన్నాడు. సాయంత్రం దాకా గోడను చూస్తూ కూర్చోలేక బయల్దేరాను.

మా ఊళ్ళో వినాయకుడంటే అరచేతిలో ఇమిడే మట్టిబొమ్మ. నాలుగు ఆకులు, రెండు ఉండ్రాళ్ళు, మూడోనాడు కాలవ. ధూల్‌పేట్‌లో వినాయకులు మనుషులకంటే ఎత్తు. వరసగా నిలబడి ఆరుతున్నారు, ఇంకా కళ్ళు పెట్టలేదు. దేవుణ్ణి అంత పెంచితే భక్తి కూడా పెరుగుతుందని వీళ్ళ నమ్మకం కాబోలు. వాళ్ళ మధ్య మోచేతుల దాకా మట్టితో నలభై ఏళ్ళ మనిషి ఒక తొండాన్ని సాపు చేస్తున్నాడు.

"రేడియోల ఇనేటోళ్ళు గూడ ఉన్నరా?" అన్నాడు కిషన్, నేను వచ్చిన పని చెప్పగానే. "మేం ఉత్తగ గోడలకు పాడుతున్నమనుకున్న. గంత దూరంకెళ్ళి వచ్చిన్రా? వాహ్!"

ఎస్తేరమ్మ కంచన్‌బాగ్‌లో ఉంటుందనీ, అక్కడ ఒక ఫ్యాక్టరీ క్యాంటీనులో పని చేస్తుందనీ అతనే చెప్పాడు. "రేపు రెండు గంటలకు అక్క డ్యూటీ ఎక్కాలె. గందుకే పొద్దుగాల పది గంటలకు పెట్టుమన్నం ప్రోగ్రాం. చర్చి గూడ ఇడ్సిపెట్టి వస్తున్నది."

"మేస్త్రీ పాట పాడతారు కదా?" అన్నాను.

"ఏ మేస్త్రీ పాట? రేడియోదా, మాదా?"

"రెండూ ఒకటే కదయ్యా."

కిషన్ నా వైపు ఒక్కసారి చూసి, మళ్ళీ తొండం మీద తడిచెయ్యి రాశాడు. పాపం, మట్టి పిసుక్కునేవాడికి పాఠభేదాల సంగతి ఏం తెలుస్తుందిలే అనుకున్నాను. ఇప్పుడు ఆ వాక్యం రాస్తుంటే చెవులు వేడెక్కుతున్నాయి.

సేటు మేడ మీద

కింద బెల్లం, చింతపండు టోకు దుకాణం. పైన హాలు. మెట్ల దగ్గర చెప్పులు విప్పించారు. యాభై కుర్చీలు, మూడు పంకాలు, వాటిలో ఒకటి తిరుగుతోంది. 'జానపద కళా మహోత్సవం' అని గుడ్డ కట్టారు. జానపదం అనే మాట పక్కన మల్లెదండ వేసిన ఫోటో ఎవరిదా అని చూస్తే సేటుగారిదే. ఆయనకు ఆ రోజు అరవై నిండాయట. కళ సంగతి కార్డు మీద అచ్చు వేయించడానికి పనికొచ్చింది.

కళాకారులు వేదిక మీద లేరు. మెట్ల పక్కన బెల్లం దిమ్మల మధ్య చాప మీద కూర్చున్నారు. కిషన్‌ను గుర్తుపట్టాను. అతని పక్కన వంత పాడే ఆవిడ, ఎస్తేరమ్మకు మరదలట. ఇవతల ఎస్తేరమ్మ. ఆరేళ్ళుగా నా మనసులో ఆమె పొడుగ్గా, సన్నగా, ఎక్కడికో చూస్తూ ఉండేది. ఈమె పొట్టిగా, బలంగా ఉంది. తెల్లటి నేతచీర, సగం నెరిసిన జుట్టు. చూస్తున్నది గోడగడియారాన్ని.

పదింటికి మొదలవాల్సింది పదకొండున్నరకు మొదలైంది. అప్పుడైనా పాట కాదు, ఉపన్యాసాలు. ఆరుగురు. ఒకాయన జానపదులు అమాయకులన్నాడు. ఇంకొకాయన వాళ్ళ కల్లాకపటం లేని హృదయాలు వెన్నముద్దలన్నాడు. మూడో ఆయన మాట్లాడేది ఏమిటో ఆయనకే తెలియలేదు, అయినా ఆపలేదు. ప్రతివాడూ సేటుకు ఒక శాలువా కప్పాడు. ఏప్రిల్ నెల ఉక్కలో ఆరు శాలువాల కింద ఆ మనిషి బతికి ఉన్నాడంటే ఆయనది ఉక్కు శరీరం.

పన్నెండు దాటాక ఎస్తేరమ్మ లేచి కార్యదర్శి దగ్గరికి వెళ్ళింది. పంచె కట్టు సర్దుకుంటూ అటూ ఇటూ పరుగెత్తడమే ఆయన చేసే పని.

"సార్, జెర ముందు మమ్ముల పాడనియ్యుండ్రి. రెండు గంటలకు డ్యూటీ ఉన్నది."

"ఉండమ్మా, పెద్దలు మాట్లాడుతున్నారు. నీ డ్యూటీ ఎక్కడికీ పోదు."

"డ్యూటీ పోదు సార్. నేనే పోవాలె."

ఆయనకు అర్థం కాలేదు. పావు తక్కువ ఒంటిగంటకు ఒక్క పాటకు పిలిచాడు. పిలుస్తూ వేదిక పక్కకు తీసుకెళ్ళి చెప్పిన మాట రెండో వరసలో ఉన్న నాకు వినపడింది. "మేస్త్రీ పాటే పాడండి. కానీ మేస్త్రీ అన్నచోటల్లా సేటూ అనండి. చివర 'నీ మేలు మరువలేము' అని వస్తుందే, అది రెండుసార్లు."

ఎస్తేరమ్మ కిషన్‌ను చూసింది. కిషన్ డోలక్ తాడు బిగించాడు.

పాట ఎత్తుకుంది. ఇక్కడ నేను ఎవరినీ వెక్కిరించలేను. రేడియోలో వినేది ఆ గొంతు నీడ. అసలుది ఇనుము మీద ఇనుము గీసినట్టు మొదలై, మధ్యలో ఎక్కడో తడి పట్టి, వదిలేటప్పుడు వినేవాడి ఛాతీలోంచి ఏదో లాక్కుని వెళుతుంది. హాలంతా విసనకర్రలు ఆగాయి. రాయి మీద రాయి పెడితి సేటూ అంటున్నా సరే, నాకు ఒళ్ళు జలదరించింది.

తర్వాత నా చరణం వచ్చింది. 'నీ మేలు మరువలేము సేటూ.' రెండుసార్లు. సేటుగారు శాలువాల్లోంచి చెయ్యి తీసి కళ్ళు ఒత్తుకున్నాడు. చప్పట్లు మోగిపోయాయి.

నేను లేచి నిలబడ్డాను. "ఇది సేటు పాట కాదు! మేస్త్రీ పాట! కూలివాళ్ళ పాటను తెచ్చి భజన చేస్తారా? సిగ్గు లేదా?" అని అరిచాను. చెప్పొద్దూ, నాకు కోపం వచ్చింది కూలివాళ్ళ కోసం కాదు. నా వాక్యాన్ని బెల్లం వ్యాపారి పాదాల దగ్గర పెట్టారని.

"ఎవరయ్యా నువ్వు?" అన్నాడు కార్యదర్శి. ఇద్దరు మనుషులు వచ్చి నా మోచేతులు పట్టుకున్నారు. చాలా మర్యాదస్తులు. ఒకడు నా చేతిలో లడ్డూల పొట్లం పెట్టాడు, రెండోవాడు నన్ను మెట్లు దింపాడు. తినబెట్టి గెంటడం నేను అక్కడే చూశాను. కింద నా కొత్త చెప్పులు లేవు. వాటి స్థానంలో ఎవరిదో ఎడమకాలి చెప్పు ఒకటి ఉంది. దాన్ని అక్కడే వదిలి, కాలే రోడ్డు మీద ఉత్త కాళ్ళతో నిలబడ్డాను.

బస్‌స్టాపులో

కాసేపటికి ముగ్గురూ దిగి వచ్చారు. మరదలు ముందు, ఎస్తేరమ్మ, డోలక్ భుజాన వేసుకుని కిషన్. ఆదివారం భోజనం అతనికి ఎస్తేరమ్మ ఇంట్లోనేనట. బస్‌స్టాపు వైపు వడివడిగా నడుస్తున్నారు. నేను గోడ నీడ వెతుక్కుంటూ, గెంతుతూ వెంటపడ్డాను.

"అమ్మా, ఒక్క మాట! ఆరేళ్ళుగా మీ పాట వింటున్నాను. మీరు ఇలా చేస్తారనుకోలేదు. అంత గొప్ప పాటను సేటుకు అమ్ముకుంటారా?"

ఆమె నడక ఆపలేదు. "లొల్లి చేసింది మీరే గదా సార్ పైన? అమ్మింది నేను గాదు. అమ్ముడువొయ్యేతట్టు చేసిండు ఒకాయన. మీ దిక్కు పంతులే."

నా కాళ్ళ మంట ఆగిపోయింది.

"మా అవ్వ పాట అది, నన్ను గన్న తల్లిది," అంది ఎస్తేరమ్మ, స్టాపులో నీడకు నిలబడి, చెంగుతో మొహం తుడుచుకుంటూ. "నాకు ఎనిమిదేండ్లు. అవ్వ రోడ్డు పనికి పోయేది. కడుపుతోని ఉండె. ఎండల నీళ్ళు తాగొస్తనంటె మేస్త్రీ పోనియ్యలే. తట్ట నెత్తిన ఉండంగనే పడ్డది. కడుపుల పిల్ల దక్కలే. మూడో దినం అవ్వ మల్ల పనికి పోయింది. పోయి మేస్త్రీ ముంగట నిలవడ్డది. రోజు పాడే పాటనే పాడింది, ఆఖరుకు గా మాట కలిపింది. నీ నోట్ల మన్నుబడ. ఆడోళ్ళందరు తట్టలు దించి వంత వాడిన్రు. గా పూట రోడ్డు పని బందు. మేస్త్రీ చెట్టు కిందికెళ్ళి లేవలే."

కిషన్ నేల చూస్తున్నాడు. అతను ఈ కథ చాలాసార్లు విన్నట్టుంది.

"గా పంతులు కార్డు రాసిండంట, అసయ్యంగున్నదని. రేడియోల సారు మాకు సదివి ఇనిపిచ్చిండు. మార్చకుంటె వేరేటోళ్ళను పిలుస్త అన్నడు. మార్చిన. ఏం జెయ్యాలె? ఇయ్యాల జూడుండ్రి. మా అవ్వ మాట ఉండుంటె, సేటు పేరు పెట్టుమంటుండెనా గా సెక్రెట్రీ?"

అనడు. అది నాకు అప్పుడు తట్టింది, ఇరవై ఏళ్ళుగా అర్థతాత్పర్యాలు చెబుతున్నవాణ్ణి. నా వాక్యానికి వెన్నెముక లేదు. ఎవరి ముందైనా వంగుతుంది.

నోరు మూసుకుని రైలెక్కి ఉంటే సరిపోయేది. ఆమెకు నా మొహం తెలియదు, పేరు తెలియదు. ఆ ఆలోచన వచ్చిన మాట నిజం. లడ్డూల పొట్లం చేతిలో నలిగిపోతోంది.

"ఆ పంతుల్ని నేనే," అన్నాను.

మరదలు నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. ఎస్తేరమ్మ నా తల నుంచి మట్టికాళ్ళ దాకా చూసి, మళ్ళీ పైకి చూసింది.

"మీరేనా," అంది.

"నేనే. తప్పయింది. రేడియోకు మళ్ళీ రాస్తాను, పాత మాటే పెట్టమని..."

"రాయకుండ్రి సార్. మీరేం రాయకుండ్రి ఇగ."

ఆ మాటలో కోపం ఉంటే బాగుండేది. ఈగను తోలినట్టు అంది. ఇంతలో బస్సు వచ్చింది, ఆమె ఎక్కేసింది. నేను అక్కడే నిలబడ్డాను. ఫుట్‌బోర్డు మీదనుంచి కిషన్ చెయ్యి చాచాడు. "ఎక్కుండ్రి సార్. కాళ్ళు కాలుతున్నయ్. గీ బస్సు ఆగది."

కంచన్‌బాగ్ బస్సు

ఎందుకు ఎక్కానో నాకు తెలియదు. నా రైలు సాయంత్రం, అదీ అటు కాదు. కండక్టరు టిక్కెట్టు కొట్టి, నా కాళ్ళు చూసి, తన సీటు కింద నుంచి గోనెగుడ్డ తీసి వేశాడు. దాని మీద నిలబడ్డాను.

బస్సు నిండా రెండు గంటల డ్యూటీకి వెళ్ళే ఆడవాళ్ళు, చేతుల్లో టిఫిన్ డబ్బాలు. అందరూ ఎస్తేరమ్మకు తెలిసినవాళ్ళే.

"ఏం పాడినవక్కా?" అని అడిగింది ఒకామె.

"సేటు పాట."

"థూ! మనది పాడు."

"గొంతు ఎండింది పొల్లా."

ఎవరో నీళ్ళసీసా అందించారు. కిషన్ డోలక్‌ను ఒళ్ళో అడ్డంగా పెట్టుకున్నాడు. బస్సు గుంతల్లో ఎగురుతుంటే తాళం తప్పుతుందని నేను అనుకున్నాను. అతను గుంతలనే తాళంలో కలుపుకున్నాడు. ఎస్తేరమ్మ కడ్డీ పట్టుకుని నిలబడి పాడింది. మేడ మీద పాడిన గొంతు కూడా ఇది కాదు. ఇందులో ఎవరికీ వినిపించాలని లేదు. పక్క సీటు ఆడవాళ్ళు టిఫిన్ డబ్బాల మీద దరువు వేస్తున్నారు. రాయి మీద రాయి, పొద్దు గూకెదాక, ఇరిగిన నడుము, అన్నీ వచ్చాయి. ఆఖరి చరణం దగ్గర ఆమె ఒక్క క్షణం ఆగింది.

నీ నోట్ల మన్నుబడ మేస్త్రీ!

'మన్నుబడ, మన్నుబడ!' అని బస్సు మొత్తం వంత అందుకుంది. ఆడవాళ్ళు నవ్వుతున్నారు. ఒక ముసలామె మాత్రం నవ్వకుండా, దవడ బిగించి పాడింది. ఆమె ఎవరిని తలుచుకుందో.

అది ఒక్కసారితో అయిపోయే చరణం కాదని అప్పుడే తెలిసింది. ఎవరి మేస్త్రీని వాళ్ళు తెస్తున్నారు. ఒకామె మొగుణ్ణి తెచ్చింది. ఇంకొకామె అత్తను తెచ్చింది. మరదలు సేటును తెచ్చింది, దానికి కిషన్ డోలక్ పగిలేట్టు కొట్టాడు. ఎవరో కండక్టరును తెచ్చారు. అతను "నేనేం జేసిన అవ్వా!" అని మొత్తుకుంటూనే టిక్కెట్టు పంచ్‌తో కడ్డీ మీద తాళం వేశాడు. రేడియోలో మూడు నిమిషాలకు కత్తిరించిన పాట అక్కడ నాలుగు స్టాపులు దాటినా అయిపోలేదు.

అప్పుడు ఎస్తేరమ్మ నా వైపు తిరిగింది. చూపు తిప్పలేదు.

నీ నోట్ల మన్నుబడ పంతులూ!

బస్సు గొల్లుమంది. ఏ పంతులో, ఎందుకో వాళ్ళలో చాలామందికి తెలియదు. గోనెగుడ్డ మీద నిలబడ్డ నన్ను చూసి ఈయనే అయ్యుంటాడనుకుని, హాయిగా, నోరారా తిట్టారు. మన్నుబడ, మన్నుబడ! నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆరేళ్ళు గురువారం గురువారం ఎదురుచూసిన గొంతు నన్ను చూస్తూ, నా కోసమే ఒక చరణం కట్టి పాడింది. అది తిట్టు. పైగా అక్షరాలా తాళంలో కుదిరింది.

రెండోసారి ఆ చరణం వచ్చేసరికి వంతలో నేనూ ఉన్నాను. శ్రుతి కలవలేదు, గొంతు పైకి రాలేదు.

"గట్టిగ అనుండ్రి సార్," అంది ఎస్తేరమ్మ. "ఇనబడతలేదు."

గట్టిగా అన్నాను.